అడుసునకు వేడి సోకినపుడు

(సంఘ వార్షికోత్సవ సభలో చదువబడిన ప్రసంగ పాఠము)



కుమ్మరి సారెపై నుండి దింపిన పచ్చికుండను నీడలో ఆరబెట్టి, పిమ్మట తొట్టినీటిలో ముంచినచో, కొంతసేపటికి దాని అంచులు కరిగి, పక్కలు కూలి, కుండ తిరిగి అడుసగును. అదే కుండను ఆవములో కాల్చి ముంచినచో ఏండ్లు గడచినను కుండ కుండగనే యుండును. ఈ భేదము తెలియని ఇల్లు లేదు. అయితే పచ్చికుండకును కాలినకుండకును నడుమ, ఏ వేడిమికడ మన్ను నీటితో కలిసి అడుసగు గుణమును కోల్పోవుచున్నది? ఎండ చాలునా, పొయ్యిమంట కావలెనా? కోల్పోయిన గుణము మరల వచ్చునా? ఈ ప్రశ్నలు కుమ్మరి వాకిటితో ఆగునవి కావు. చమురునకును వాయువునకును భూమిలో కిలోమీటర్ల లోతున తవ్వు బావులకడ వీనికి సరియైన జవాబు తెలిసియుండుట ప్రాణరక్షణకు సంబంధించిన విషయము.

రైతునకు మన్నుపై వేడిమి చేయు పని మరియొక విధముగా తెలియును. మే నెలలో రేగడిచేను కాలు దిగునంత నెఱ్ఱెలు విచ్చును. తొలకరి పడిన కొలదిదినములకే ఆ నెఱ్ఱెలు పూడి, నేల పొంగి, బండిచక్రమునకు మడ్డివలె అంటుకొనును. మండువేసవి ఎండ ఏటేట దానిని ఎంత మాడ్చినను, తొలివాన ఏటేట దానిని బ్రతికించుచున్నది. భూగర్భశాస్త్ర గ్రంథములలో ఈ నేలకు గల ‘రెగర్’ అను పేరు తెలుగు ‘రేగడ’ నుండి వెళ్ళినదే. అనగా ఎండవేడిమికి రేగడి చావదు. ఆవపు వేడిమికి చచ్చును. ఈ రెంటి నడుమనున్న హద్దును వెదకుటయే ఈ ప్రసంగ విషయము.

బంకమన్ను అను పేర నున్నది ఒకే పదార్థము కాదు. అందు రెండు జాతులను ముఖ్యముగా చెప్పుకొనవలెను. మొదటిది కేయోలిన్. చైనాలో పింగాణికి ప్రసిద్ధి గాంచిన జింగ్‌దెజెన్ పట్టణ సమీపమున గల గావోలింగ్ అను చోటినుండి దీనికి ఆ పేరు వచ్చినది. రెండవది ఫ్రాన్సులోని మాంట్‌మొరిల్లాన్ పేరిట మాంట్‌మొరిల్లొనైట్ అనబడునది. రేగడికి పొంగు గుణము నిచ్చునది ఇదియే. రాజస్థానములోని బాడ్మేరు ప్రాంతమునను, గుజరాతులోని కచ్ఛమునను దొరకు బెంటొనైట్ అను మన్నులో అధికభాగము ఈ ఖనిజమే.

రెండును పొరలు పొరలుగా నుండు స్ఫటికములే. మడతకాజాను తలచుకొన్నచో ఈ నిర్మాణము సులభముగా బోధపడును. కేయోలిన్ పొరలు ఒకదానినొకటి గట్టిగా పట్టుకొనియుండును. వాని నడుమకు నీరు చొరదు. మాంట్‌మొరిల్లొనైట్ పొరల పట్టు సడలినది. కాజాపొరల నడుమకు పాకము చేరినట్లు వాని నడుమకు నీరు చేరును. ఒక్కొక్క పొర దళసరి మిల్లీమీటరులో పదిలక్షలవ వంతు మాత్రమే. నీటిలో అవి పూర్తిగా విడివడినచో, అయిదారు గ్రాముల పొడిలోని పొరల తలమంతయు కలిపి ఒక ఎకరమంత విస్తీర్ణమగును! చిటికెడు మన్ను చెంబెడు నీటిని చిక్కగా పట్టియుంచుటకు ఈ ఎకరమే కారణము. నూరుపాళ్ళ నీటికి ఆరేడుపాళ్ళ మంచి బెంటొనైట్ కలిపిన చాలును, చిక్కని అడుసు సిద్ధమగును. కేయోలిన్ అట్లు కాదు. కాగితపు పరిశ్రమలో నూటికి డెబ్బదిపాళ్ళు కేయోలిన్, ముప్పదిపాళ్ళు నీరు గల ద్రవమును సైతము గొట్టములలో పారించుచుందురు.

ఈ పొరల ముఖములపై ఋణావేశము ఉండును. నీటి స్వభావమును బట్టి అంచులపై ధనావేశము చేరవచ్చును. అట్టియెడ ఒక పలక అంచు మరియొక పలక ముఖమునకు అతుకుకొని, ద్రవమంతట ఒక పేకమేడ లేచును. కదలక యున్న అడుసు గట్టిపడుట ఈ మేడ వలననే. కలియబెట్టిన మేడ కూలి అడుసు పారును; విడిచిపెట్టిన మరల లేచును. గడ్డపెరుగును చిలికిన పలుచనగునే గాని, కుండలో ఎంతసేపుంచినను మునుపటి గడ్డ కట్టదు. బెంటొనైట్ అడుసు కట్టును. ఈ గుణమునకు శాస్త్రజ్ఞులు ‘థిక్సోట్రొపీ’ అని పేరిడిరి. ఇట్టి ద్రవము కొంత బలము ప్రయోగించువరకు కదలదు. ఆ హద్దు దాటినంతనే పారనారంభించును. ఈ విషయమును గణితబద్ధము చేసినవారిలో అమెరికా రసాయనశాస్త్రజ్ఞుడు యూజీన్ బింగ్‌హామ్ ముఖ్యుడు. 1929లో ఈ శాస్త్రమునకు ‘రియాలజీ’ అను పేరు స్థిరపడుటలోను ఆయన హస్తము కలదు.

ఇక వేడిమి సంగతి. పొడిమన్నును వేడి చేయుట వేరు, నీటిలో కలిపిన అడుసును వేడి చేయుట వేరు. ఈ రెంటిని కలగాపులగము చేయుట వలన పుస్తకములలో సైతము కొంత గందరగోళము కానవచ్చుచుండును.

పొడిమన్నును కాల్చునపుడు మొదట పైపై తడి ఆవిరియగును. సుమారు 100 మొదలు 200 డిగ్రీల సెంటీగ్రేడు వరకు మాంట్‌మొరిల్లొనైట్ పొరల నడుమనున్న నీరు వెడలి, పొరలు దగ్గరకు మూసికొనును. ఇంతవరకు జరిగినది సాధారణముగా మరలగలిగినదే. నీరు తగిలిన పొరలు తిరిగి తెరచుకొనును. రేగడిచేని వృత్తాంతము ఇదియే.

సాధారణముగా అనుటకు కారణము కలదు. బెంటొనైట్‌ను ఎండబెట్టి పొడిచేయు పరిశ్రమలవారు అందు నూటికి పదిపాళ్ళకు అటునిటుగా తడిని బుద్ధిపూర్వకముగా మిగిల్చెదరు. లాభమునకై తడిమన్నును అమ్ముచున్నారని కొనువారు అనుమానించుట కలదు గాని, అది సరికాదు. అతిగా ఎండించిన పొడి నీటిలో త్వరగా విడివడదు. దానితో చేసిన అడుసు పలుచబడును. పొరలనడుమ ఏ అయాను ఉన్నదనునది కూడ ముఖ్యము. లిథియము అయానులు గల మాంట్‌మొరిల్లొనైట్‌ను 200 మొదలు 300 డిగ్రీల వరకు వేడిచేసినచో, ఆ చిన్న అయానులు పొరలోనికే చొచ్చుకొనిపోయి దాని ఆవేశమును హరించుననియు, ఆపై ఆ మన్ను నీటికి పొంగదనియు హాఫ్‌మన్, క్లెమెన్ అను జర్మను శాస్త్రజ్ఞులు 1950లో ప్రకటించిరి. హాలోయ్‌సైట్ అను కేయోలిన్ దాయాది ఇంకను విచిత్రమైనది. దాని పొరల నీరు వట్టి గాలికి ఆరినను పోవును. పోయిన నీరు మరల చేరదు. కావున హద్దు ఇచ్చటనే యున్నదని అన్ని మన్నులకు ఒక్కటే గీత గీయుట సాధ్యము కాదు.

అసలు తెగువ దీని తరువాతి మెట్టున జరుగును. కేయోలిన్‌కు సుమారు 450 మొదలు 600 డిగ్రీలలోను, మాంట్‌మొరిల్లొనైట్‌కు సాధారణముగా 600 మొదలు 700 డిగ్రీలలోను, స్ఫటికపు కట్టడములోనే భాగమైయున్న హైడ్రాక్సిల్ జంటలు నీరై వెడలిపోవును. నీరనగా అంతకుముందు నీరుగా ఉన్నది కాదు. ఇంటి దూలములను ఊడబెరికి అమ్ముకొన్నట్టిది. నూరుపాళ్ళ శుద్ధ కేయోలిన్ ఈ విడతలో పదునాలుగుపాళ్ళ బరువు కోల్పోవును. మిగిలినదానిని మెటాకేయోలిన్ అందురు. దానిని నీటిలో నానబెట్టినంత మాత్రమున పూర్వపు మన్ను కాదు. కుమ్మరి ఆవము ఈ హద్దును దాటుచున్నది గనుకనే కుండ కరుగుట లేదు.

హద్దు దాటిన మన్నును పొడిచేసి నీటిలో కలిపినపుడు పారుదల ఎట్లుండును? కాల్చిన బెంటొనైట్ పొడి నీటిలో ఇసుకవలె అడుగునకు దిగును; పేకమేడ కట్టుటకు పలకలే విడివడవు. కావున ద్రవము పలుచనగును. కేయోలిన్ విషయములో తరచుగా దీనికి విరుద్ధము జరుగును. సుమారు 1000 డిగ్రీలకు కాల్చిన కేయోలిన్‌తో, పచ్చిదానివలె నూటికి డెబ్బదిపాళ్ళ ద్రవమును పారించుట కుదరదు. ఏబదిపాళ్ళకే అది మొండికెత్తును. పలకలు ఒండొంటికి అతుకుకొని బోలుముద్దలై, తమ రంధ్రములలో నీటిని దాచుకొనుటయే దీనికి కారణము. దాగిన నీరు పారుదలకు ఉపకరింపదు.

అడుసునే వేడిచేసినచో మరియొక వింత కానవచ్చును. నీటి చిక్కదనము 20 డిగ్రీలకడ ఒకటి అనుకొన్నచో, 50 డిగ్రీలకడ అది సగమునకు కొంచెము పైగాను, 100 డిగ్రీలకడ నాలుగవ వంతునకు కొంచెము పైగాను ఉండును. కావున వేడిమి పెరిగిన అడుసు పలుచబడవలెనని తోచును. సోడియము సిలికేటు వంటివి కలిపి పలకలను విడివిడిగా నిలిపిన పింగాణి ద్రవము చాలవరకు అట్లే పలుచబడును. బెంటొనైట్ అడుసు మాత్రము ఆ లెక్కకు లొంగదు. వేడిమికి పొరలు మరికొన్ని విడివడి పలకల సంఖ్య పెరుగును; అవి తరచుగా ఢీకొనుచు ఒండొంటికి అంటుకొనును. నడుమ నీరు పలుచబడుచున్నను, పేకమేడ బలపడుచుండును. రాగిజావ చల్లారిన కొలది గడ్డకట్టును. ఈ జావ కాగిన కొలది గడ్డకట్టును!

ఈ వింత ప్రయోగశాలలో వినోదము, బావిలో విపత్తు. 1901 జనవరి 10న అమెరికాలో టెక్సస్ రాష్ట్రమునందలి స్పిండిల్‌టాప్ గుట్టపై సుమారు 350 మీటర్ల లోతునుండి చమురు ఆకాశమునకు చిమ్మినది. ఆ బావిని తవ్వినవారు ఇసుకపొరలు కూలుచుండగా నీటికి బదులు అడుసును పంపు చేసిరి. ఆ అడుసునకై ఒక గుంటలో పశువులను తోలి త్రొక్కించిరని చెప్పుదురు. నాటినుండి చమురుబావులలో అడుసు వాడుక వ్యాపించినది. పనివారు దానిని ‘మడ్’ అనియే పిలుచుదురు. తవ్వుడు గొట్టము గుండ క్రిందికి పోయి, ఉలి నోటినుండి వెడలి, గొట్టము వెలుపలి సందుగుండ అది పైకి వచ్చును. వచ్చుచు రాతిపొడిని మోసికొని వచ్చును, ఉలిని చల్లార్చును, గోడలకు పూతయై వానిని నిలుపును. అన్నిటికంటె ముఖ్యముగా తన బరువుతో భూగర్భములోని వాయువును అణచిపట్టును. బరువునకై అందు బరైటీసు పొడి కలుపుదురు. రాయలసీమలోని మంగంపేట గని ఈ ఖనిజమునకు ప్రపంచప్రసిద్ధము. నీటికి రెట్టింపు బరువుగల అడుసు 5000 మీటర్ల ఎత్తున నిలిచినచో, అడుగున చదరపు సెంటీమీటరునకు సుమారు 1000 కిలోగ్రాముల ఒత్తిడి కలుగును. తవ్వకములో వాయువునకు మొదటి తలుపు ఇనుముది కాదు, మన్నుది.

భూమిలోనికి దిగిన కొలది కిలోమీటరునకు సాధారణముగా 25, 30 డిగ్రీల చొప్పున వేడిమి పెరుగును. కొన్నిచోట్ల అంతకంటె ఎక్కువ. కృష్ణా గోదావరి బేసిన్‌లోని కొన్ని లోతైన బావుల అడుగున వేడిమి 200 డిగ్రీలకు చేరువగా నుండును. అడుసు తిరుగుచున్నంతసేపు పైనుండి వచ్చు చల్లదనము దానిని కాపాడును. ఉలి మార్చుటకు గొట్టమును పైకి తీయవలసివచ్చినపుడు పంపు ఆగును. అప్పుడు అడుగునున్న అడుసు గంటల తరబడి కదలక కాగుచుండును. మేడ లేచును. తిరిగి పంపు నడుపగనే ఆ గడ్డను కదల్చుటకు అధికమైన ఒత్తిడి పెట్టవలెను. ఆ ఒత్తిడికి బావిగోడ బీటవారినచో అడుసు రాతిలోనికి జారిపోయి, నిలువు తగ్గి, వాయువు లోనికి చొరబడును. గొట్టమును పైకి లాగునపుడును ప్రమాదమే. గడ్డకట్టిన అడుసులో గొట్టము పిచికారి కాడవలె పనిచేసి, అడుగున ఒత్తిడిని తగ్గించి వాయువును లోనికి పీల్చును. పోనీ అడుసు పలుచబడిన మేలా యనిన, అదియు కాదు. బరైటీసు అడుగునకు దిగిపోవును. రాతిపొడి గొట్టముచుట్టు చేరి దానిని బిగించివేయును.

1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడి వద్ద బావి నుండి వాయువు తన్నుకొని వచ్చి అంటుకొన్న మంట 65 దినములు మండినది. దాని వెలుగు, హోరు, ఖాళీ చేయించిన పల్లెలు ఆ ప్రాంతపువారికి ఇంకను జ్ఞాపకమే. ప్రతి బ్లోఔటునకును అడుసే కారణమనుట తప్పు. సిమెంటు, కవాటములు, మనుష్యుల తొందర, ఇట్టివి ఎన్నియో ఉండును. అయితే మొదటి తలుపు ఊడినపుడు వెలుపల నిలుచునది ఏమియో ఆ మంట చూపినది.

అడుసును పరీక్షించుటకు బావికడ వాడు సులభమైన పరికరము 1931 నాటి మార్ష్ గరాటు. అందుండి 946 మిల్లీలీటర్లు కారుటకు ఎన్ని సెకండ్లు పట్టునో చూతురు. మంచినీటికి 26 సెకండ్లు. అడుసు అంతకంటె ఎక్కువసేపు తీసికొనును. ఇది మంచి పరికరమే గాని, ఇది కొలచునది పైకి వచ్చి చల్లారిన అడుసును. అయిదు కిలోమీటర్ల క్రింద, కదలక, కాగుచున్న అడుసును గూర్చి గరాటు ఏమియు చెప్పజాలదు. పైన 45 సెకండ్లలో కారినదని రిజిస్టరులో వ్రాసికొని నిశ్చింతగా నుండుట, పొయ్యిమీది పాలను గూర్చి పెరటిలోని ఆవునడిగి తెలిసికొనుట వంటిది.

1940 దశకములో అమెరికాలోని మెక్సికో సింధుశాఖ తీరమున సున్నము కలిపిన అడుసులు ప్రచారములోనికి వచ్చినవి. సున్నము పలకలను చిన్న చిన్న గుంపులుగా చేర్చి అడుసును పలుచగా, విధేయముగా ఉంచుచుండెను. పైపొరలలో పనివారికి అది వరప్రసాదమే. బావులు లోతైన కొలది, వేడిమి 130, 150 డిగ్రీలు దాటినచోట్ల, ఆ అడుసు జిగురుగడ్డగా కాక ఏకముగా రాయిగా మారనారంభించెను. గొట్టములు అందులో ఇరుకుకొనెను. ఇది పేకమేడ కాదు; కలియబెట్టిన కూలునది కాదు. సున్నమును బంకమన్నును వేడినీటిలో రసాయనికముగా కలిసి సిమెంటు వంటి క్రొత్త పదార్థమును కట్టినవి. పొడిగా కాల్చినపుడు 450 డిగ్రీలకు గాని చెదరని మన్ను, సున్నపునీటి సహవాసములో 150 డిగ్రీలకే చెదరినది.

ఈ కలయిక భారతీయ మేస్త్రీలకు క్రొత్తది కాదు. ఇటుకపొడిని సున్నముతో నూరి చేయు సుర్కీ గార ఇదియే. ఆవము ముందుగా మన్నును చెదరగొట్టును, సున్నము పిమ్మట చల్లగా, తీరికగా దానిని కట్టును. 1887 మొదలు 1895 వరకు కట్టబడిన ముల్లపెరియార్ ఆనకట్ట సున్నపు సుర్కీ కాంక్రీటుతో నిలిచినది. ఆనకట్టలో వలసిన గుణమే బావిలో వలదనిపించుట చిత్రము. నేడు ఆ పాత సుర్కీయే క్రొత్త వేషములో తిరిగివచ్చినది. కాల్చిన బంకమన్ను ముప్పదిపాళ్ళు, సున్నపురాయి పదునైదుపాళ్ళు, జిప్సము అయిదుపాళ్ళు, క్లింకరు ఏబదిపాళ్ళు చేర్చిన సిమెంటును స్విట్జర్లాండు, క్యూబా, భారతదేశముల శాస్త్రజ్ఞులు రూపొందించిరి. 2023లో దీనికి భారతీయ ప్రమాణమును వెలువడినది. క్లింకరు తగ్గుట వలన బొగ్గుపులుసు వాయువు విడుదలయు తగ్గును. ఇచ్చటను మేస్త్రీల ఫిర్యాదు పారుదలను గూర్చియే: కాల్చిన మన్ను నీటిని దాచుకొనుట చేత కాంక్రీటు తాపీకి లొంగదు; దానిని పలుచబరచు రసాయనములను అధికముగా వేయవలసివచ్చును.

బావులలో పరిష్కారములు ఒక్కటొక్కటిగా వచ్చినవి. పలకల అంచులకు పట్టి మేడ లేవకుండ చేయుటకు తొలుత దక్షిణ అమెరికాలోని కెబ్రాచో చెట్టు వగరును వాడిరి. తోళ్ళు పదును చేయుటకు వాడు తంగేడుచెక్క వగరువంటిదే అది. 1950 దశకములో కాగితపు పరిశ్రమ ఉపపదార్థమైన లిగ్నోసల్ఫొనేటు వచ్చినది. అవియు మిక్కిలి వేడిమికి చెడిపోవును. ఆపై లిగ్నైటు, కృత్రిమ పాలిమరులు, నీటికి బదులు నూనెతో చేసిన అడుసులు వాడుకకు వచ్చినవి. తుర్కీదేశపు చుట్టగొట్టములు చెక్కు తెల్లని సెపియొలైట్ మన్నును సైతము వేడినీటి బావులలో వాడిచూచిరి. ఇన్ని వచ్చినను, అనుభవజ్ఞులు మొదట చేయునది ఒక్కటే: వేడిబావిలో బంకమన్ను పాలును వీలైనంత తగ్గించుట. లేని పలక మేడ కట్టదు.

మిగిలిన పని ప్రయోగశాలది. బావికి పంపబోవు అడుసును ఉక్కు గిన్నెలో పోసి, నైట్రొజను ఒత్తిడి పెట్టి మూతబిగించి, బావి అడుగు వేడిమికడ పొయ్యిలో పదునారు గంటలు దొర్లించెదరు. మరియొక గిన్నెను కదలక ఉంచెదరు. మరునాటి ఉదయము చల్లార్చి మూత విప్పిన పిమ్మట, కదలక కాగిన అడుసు నడినెత్తిన పలుచని లోహపు గొట్టమును నిలిపి, దానిపై తూకపురాళ్ళు ఒక్కొక్కటిగా పెట్టుచు, అది ఎంత బరువునకు ఎంతలోతు దిగినదో వ్రాసికొనెదరు. గొట్టము తనంతట తాను దిగినచో ఆ అడుసు బావికి పోవును. రాళ్ళన్నియు పెట్టినను దిగనినాడు, బావికడనున్నవారికి ఉలి దింపవలదని కబురు పోవును.